సముద్రం అడుగున నాలుగు రోజులు

దసరా సెలవులకు బందరు పోవాలని ఆగస్టులోనే అనుకున్నాం. ఎవరి కారణం వాళ్లది. పెడనలో కలంకారీ అచ్చులు గుడ్డ మీద ఎట్లా పడతాయో చూడాలని మా ఆవిడకు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, హంసలదీవిలో మూడు మునకలు వెయ్యాలని మా అమ్మకు. నాకు బందరు లడ్డు చాలు. మూడో తరగతి చదివే మా పాపకైతే ఒకటే కోరిక: మంగినపూడిలో సముద్రం. ఎనిమిదేళ్లొచ్చినా ఇంతవరకు అది సముద్రం చూసిందే లేదు. తాడిపత్రిలో పుట్టినోళ్లకు అదేం వింత కాదు. నేను చూసిందే ఇరవై రెండో ఏట, ఉద్యోగం పరీక్ష రాయడానికి మద్రాసుకు పోయినప్పుడు.

రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులో 46 నుంచి మొదలై, కదిలి కదిలి 11 దగ్గర ఆగిపోయింది. చార్టు తయారైందని రాత్రి మెసేజ్ వచ్చేసరికి సంచులన్నీ సర్ది గుమ్మం పక్కన పెట్టినాం. ఇసుకలో గూళ్లు కట్టుకోవడానికి సంతలో కొన్న నీలంరంగు బకెట్టు, పసుపుపచ్చ ప్లాస్టిక్ పార పాప ఒళ్లోనే ఉన్నాయి. అది ఏడ్చి ఉంటే సర్దిచెప్పొచ్చు. ఏడవలేదు. పారతో ఇంట్లో బండలు గీకతా కూర్చునింది.

మా అమ్మే తేల్చింది. "మన ఏరు పోయేది యాడికి? సముద్రానికే గదా. ఏటెంబడి పోదాం పాండి. యాడిదాకా పోతే ఆడిదాకా."

మాట నిజమే. మా ఊరి పక్కన పారే పెన్న కర్ణాటక నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. అంత దూరం మా వల్ల కాదని నాకు అప్పుడే తెలుసు. చేతిలో ఉండేది నాలుగు రోజులు, బావమరిది పాత ఆల్టో. అయినా బకెట్టు, పార డిక్కీలోకెక్కినాయి.

మొదటి రోజు: కొండాపురం నీళ్లు

తెల్లారి ఏడుకు బయలుదేరినాం. తాడిపత్రి పొలిమేర దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా మా వ్యాపారమే: నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు, నిలబెట్టిన బండల వరసలు, కోత మిషన్ల నుంచి కారి ఎండిపోయిన తెల్లటి బురద. నేను అట్లాంటి ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా. కొలిమిగుండ్ల, జమ్మలమడుగు పక్క గనుల నుంచి రాయి లారీల్లో వస్తుంది. ఇక్కడ కోసి, నున్నగా చేసి, నాలుగు రాష్ట్రాలకు పంపుతాం. పదహారేళ్లుగా చదరపు అడుగుల్లోనే బతుకుతున్నా గాని, ఆ రాయి ఎట్లా పుట్టిందని ఒక్కనాడూ అడిగినోణ్ని కాదు. దాని సంగతి రేపటికి వస్తుంది.

కొండాపురం దాటినాక పాప ఒక్కసారి అరిచింది. "నాన్నా, సముద్రం!"

దాన్ని తప్పు పట్టలేం. రోడ్డు పక్కన నీళ్లు, అవతలి గట్టు కనబడనంత నీళ్లు. గండికోట రిజర్వాయరు. పెన్నకు అడ్డం కట్టిన ఈ జలాశయంలో దాదాపు 27 టీఎంసీలు పడతాయి. నీళ్లలో నుంచి ఎండిన తుమ్మచెట్ల కొనలు పైకి లేచి ఉన్నాయి. ఒక్కో కొన మీద ఒక్కో నీటికాకి, రెక్కలు ఆరబెట్టుకుంటా.

టీ బంకు దగ్గర ఆగినాం. బంకాయన ఎవరూ అడగకుండానే చెయ్యి చాపి చూపించాడు. "మాది తాళ్లపొద్దుటూరు. ఆ కొనకు ఉండేది. 2020లో నీళ్లు నింపినప్పుడు లేచొచ్చినాం. పరిహారం వచ్చింది, కొత్త ఇల్లు కట్టుకున్నాం. బాగానే ఉండాం లెండి." ఆ 'లెండి' దగ్గర కాసేపు ఎవరం మాట్లాడలేదు. పాప మాత్రం నీళ్లలో ఇళ్లు ఇంకా ఉన్నాయా, తలుపులు మూసినారా తీసినారా అని అడిగింది. ఆయన నవ్వి, తలుపులు ముందే ఊడబెరుక్కొచ్చినామని చెప్పినాడు. అవే తలుపులట కొత్తింటికి.

ఈ నీళ్లలో పెన్న వాటా తక్కువ. మా ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. శ్రీశైలం వెనక నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లించిన కృష్ణ నీళ్లు గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా, కొండల కింద తవ్విన సొరంగం దాటి ఇక్కడికొస్తాయి. గాలేరు-నగరి అనే కాలువ పథకం ఇది. ఈ సంగతి మా అమ్మకు తెలుగు మాస్టారు పాఠం చెప్పినట్టు చెప్పినా. విడిచిపెట్టి ఉంటే బందరు పక్కన సముద్రంలో కలవాల్సిన నీళ్లు దారి మళ్లి మన పెన్నలోకి వచ్చినాయని.

ఆమె చెప్పులు విడిచి, రాళ్ల మీద జాగ్రత్తగా దిగి, దోసిలితో మూడుసార్లు నెత్తిన చల్లుకుంది. "నేను పోలేదని ఆయమ్మే వచ్చింది చూడు" అంటూ పైకొచ్చింది. హంసలదీవి ఖర్చు మిగిలింది.

గండికోటకు ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా పోయినాం. జమ్మలమడుగులో పదకొండు గంటలకు దొరికిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నోరు ఊరుకోదు. బొరుగులు నీళ్లలో ఒక్క మునక ముంచి, నీళ్లు పిండేసి ఎర్రగడ్డ తిరగమోతలో వేసి, పైన పప్పులపొడి చల్లుతారు. ముంచడం ఒక్క క్షణం ఎక్కువైతే ముద్దయిపోతుంది. ఆ హోటలామె చేతికి ఆ క్షణం తెలుసు.

జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లు. రాత్రికి ఫోన్లో మాట్లాడుకున్న టెంటు దగ్గరే ఆ రోజు దెబ్బ తిన్నాం. నలుగురికి పెద్ద టెంటు, మంచం, లైటు అని చెప్పి డబ్బులు వేయించుకున్నాడు. తీరా పోతే ఇద్దరు పట్టే టెంటు, జిప్పు ఊడిపోయింది, మంచం ఊసే లేదు. వేరే గుంపు ముందొచ్చింది సార్ అన్నాడు. వాదించినా. చివరికి ఇంకో చిన్న టెంటు, రెండు దుప్పట్లు ఇచ్చినాడు. మా అమ్మ టెంటులో పడుకోనని బయట చాప పరుచుకుంది. అర్ధరాత్రి నేనూ అక్కడికే చేరినా. లోయలో నుంచి గాలి పైకి తన్నుకొస్తా ఉంటే, కళ్లు మూసుకుని వింటే అలల చప్పుడేనని మా ఆవిడ అనింది. ఆమె అలలు విన్నది టీవీలోనే అనుకోండి.

రెండో రోజు: రాయి మీద అలలు

తెల్లవారుజామున ఐదున్నరకు లోయ అంచున వందమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఎర్రమల కొండల్ని పెన్న మూడొందల అడుగుల లోతున కోసుకుంటా పోయింది. కింద పచ్చటి నీళ్లు, రెండు పక్కలా ఇటుకలు పేర్చినట్టు ఎర్రరాళ్లు. ఎవరో కట్టినట్టే ఉంటాయి. కట్టిన కోటగోడకూ కొండకూ ఎక్కడ అతుకో చెప్పలేం. అంచున కంచె లేదు. మా అమ్మ పాప గౌను కొస పట్టుకుని వదల్లేదు.

పొద్దు పొడిచింది, ఫోటోలు అయిపోయినాయి, గుంపు టిఫిన్లకు పోయింది. అప్పుడు పాప ఒక వెడల్పాటి బండ మీద బోర్లా పడుకుని లోయలోకి తొంగి చూడటానికి ఒప్పందం కుదుర్చుకుంది. ఒక కాలు నేను, ఒక కాలు వాళ్లమ్మ పట్టుకోవాలని. పడుకుని, కిందికి చూడకుండా బండనే నిమరతా ఉండిపోయింది.

"నాన్నా, ఈ రాయి గీతలు గీతలుగా ఉంది."

ఏటవాలు ఎండ ఆ బండ మీద పడతాంది. వేలెడు ఎడంగా, ఒకదాని వెనక ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు మెట్టలూ పల్లాలూ. పాప అరచెయ్యి ఒక్కో పల్లంలో ఒక్కో వేలు పెట్టేంత కొలత. మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఏటి ఇసకలో నీళ్లు తీసినాక ఇట్లనే గదరా ఉంటాది" అనింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట భూగర్భశాస్త్రం చదివే ఒక అమ్మాయి రాళ్ల ముక్కలు అడగడానికి మా ఫ్యాక్టరీకి వచ్చింది. టీ తాగుతా చెప్పిన మాటలు అప్పుడు సగం వదిలేసినా. కర్నూలు నుంచి కడప మీదుగా నెల్లూరు అంచుదాకా నెలవంక ఆకారంలో ఒక పెద్ద పల్లం ఉండేదట. అందులోకి మళ్లీ మళ్లీ సముద్రం వచ్చి పోయింది. కోట్ల ఏళ్లపాటు ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయి అయినాయి. శాస్త్రవేత్తలు దీన్ని కడప బేసిన్ అంటారు. అందులో ఒక రాతిపొరకు మా ఊరి పేరే పెట్టినారు, తాడిపత్రి పొర. దాని మధ్యలోకి కరిగి చొరబడి గడ్డకట్టిన రాయి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. ఈ కోట కింది రాయికి గండికోట పేరుంది. అది తాడిపత్రి పొరకు పైన పడిన ఇసుక. లోతు తక్కువ నీళ్లు అటూ ఇటూ కదిలితే ఇసుక మీద ఇట్లా మడతలు పడతాయి. వాటి మీద ఇంకో పొర మెల్లగా కప్పుకుంటే మడత మడతగానే రాయవుతుంది. మేం కోసి అమ్మే నాపరాయి వీటికంటే చాలా చిన్న వయసుది, కానీ అదీ సముద్రపు సున్నపు బురదే.

పాపకు అర్థమయ్యేట్టు చెప్పడం కుదర్లేదు. "ఇది సముద్రం అడుగు. నువ్వు పడుకున్నది ఒడ్డు దగ్గరి ఇసుక మీద. గట్టిపడిపోయింది" అన్నా.

"అప్పుడు చేపలు ఉన్నాయా?"

"లేవు. చేపలు పుట్టకముందు."

"190 కోట్లకు ఎన్ని సున్నాలు?"

వేళ్ల మీద లెక్క వేసి, 19 పక్కన ఎనిమిది అని చెప్పినా. లెక్కలోణ్ని కాబట్టి పరువు దక్కింది. సముద్రం ఎక్కడికి పోయిందని అడిగినప్పుడు మాత్రం, నేల లేచింది, నీళ్లు తప్పుకున్నాయి అని రెండు ముక్కల్లో దాటేసినా. అది నమ్మినట్టు లేదు. కారు దగ్గరికి పోయి పసుపుపచ్చ పార తెచ్చుకుని బండ మీద గట్టిగా ఒక్క పోటు పొడిచింది. పార రెండు ముక్కలు.

కోటలో మిగతావి ఎండెక్కకముందే చుట్టేసినాం. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. మాధవరాయస్వామి గుడి గోపురం దూరం నుంచే కనబడుతుంది. లోపల దేవుడు లేడు, మైదుకూరుకు తరలించినారని అంటారు. జామియా మసీదు ఎదుట నిలబడితే రెండు మినార్ల నడుమ అచ్చంగా ఆ గోపురం కొస దొరుకుతుంది, ఫోటోగ్రాఫర్లు వరస కట్టేది అందుకే. ఆ పక్కనే కత్తుల కోనేరు. 1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చి, ఫిరంగులు పోత పోయడం చూసినట్టు రాసుకున్నాడు. ధాన్యాగారంలోకి అడుగుపెడితే మాత్రం నేను కదల్లేకపోయినా. అంత ఎత్తు కమాను కప్పు, అంత చీకటి, అంత చల్లన. చప్పట్లు కొడితే గబ్బిలాలు జవాబు చెప్పినాయి. గోడ మీద పేర్లు చెక్కినోళ్లు, గుండెబొమ్మలు గీసినోళ్లు కనబడితే మా ఫ్యాక్టరీలో గచ్చు కడిగే పనికి పెట్టాలి.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరులో మా అక్క ఇల్లు. దసరాకు ప్రొద్దుటూరు పోవడమంటే మా సీమలో చెప్పుకోదగ్గ మాట. బంగారు అంగళ్ల ఊరు కాబట్టి అమ్మవారిశాలలో కన్యకా పరమేశ్వరి అలంకారాలకు లోటుండదు. రాత్రి వీధులన్నీ కరెంటు బొమ్మలు, మెరవణి, డప్పులు. అక్క రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. పాప భోజనాల దగ్గర అందరికీ తాను సముద్రం అడుగున పడుకుని వచ్చినట్టు చెప్పింది. మా బావ నన్ను అదోలా చూసినాడు. "ఏం బావా, పిల్లకు ఏం తాపినావు?"

మూడో రోజు: కడప

పొద్దున చెన్నూరు దాటకముందే టైరు పంచరు. స్టెప్నీలోనూ గాలి లేదు. బావమరిదికి ఫోన్ చేస్తే, "ఓ, అది చెప్పడం మరిచిపోయినా బావా" అన్నాడు. లారీ డ్రైవరొకాయన పంపు ఇచ్చి ఆదుకున్నాడు. గంటన్నర పోయింది. పుష్పగిరి ఆశ అక్కడే వదులుకున్నాం. పెన్న పక్క కొండమీద చెన్నకేశవుడి గుడి గోడల చుట్టూ భారత, రామాయణ కథలు చెక్కి ఉంటాయి. నేను పెళ్లికి ముందు చూసినా. వీళ్లకు చూపించలేదని ఇంకా పీకుతా ఉంది.

కడప అంటే తిరుమలకు గడప అని చెప్తారు. ఇంగ్లిషులో ఆ పేరు రాసే తీరు 2005లో మారిందిగాని, జనం నోట్లో ఎప్పుడూ కడపే. మూడు పక్కల కొండలు, నడుమ పళ్లెంలో వడ్డించినట్టు ఊరు. 1860ల్లో ఒక కంపెనీ తుంగభద్ర నీళ్లకు తవ్విన కర్నూలు-కడప కాలువ, మూడొందల కిలోమీటర్లు వచ్చి ఇక్కడ ముగుస్తుంది. పైరుకే కాదు, పడవలు నడపడానికి కూడా దాన్ని తవ్వినారట. పడవల వ్యాపారం లాభం తేలేక మునిగింది. ఆ లెక్కన కడప కూడా ఒకప్పుడు రేవుపట్నం కావాలని చూసిందే.

బ్రౌన్ గ్రంథాలయం చూడాలన్నది నా పట్టు. పేరు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. తెలుగు నిఘంటువు 1852లో అచ్చు వేసిన బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి తెలుగు మొదలుపెట్టాడు. తర్వాత బందరులోనూ కొలువు చేసి మళ్లీ కడపకే వచ్చినాడు. ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాటాకుల్లో చెదలు పట్టిపోతున్న కావ్యాలను సరిచూసి రాయించాడు. వేమన పద్యాలు ఆయన చేతికి చిక్కకపోయుంటే మనకెన్ని మిగిలేవో. బంగళా ఉన్న చోటే, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటికీ తిరిగినంత పనిచేసి ఈ గ్రంథాలయం లేపినాడు. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

తాళపత్రాల గదిలో ఒక ఉద్యోగిని మా పాపకు ఆకు ఎట్లా రాస్తారో చూపించింది. గంటంతో గీస్తే అక్షరం కనబడదు. గీసినాక మసి, నూనె పూసి తుడిస్తే గీతలో మసి నిలబడి అక్షరం లేస్తుంది. ఆకు అంచున రంధ్రం, అందులో దారం. పాప ముక్కు ఆనించి చూసి, "ఇదీ గీతలు గీతలుగానే ఉందే, ఎన్ని కోట్లు?" అనింది. రెండొందలో మూడొందలో ఏళ్లంతే అని ఆవిడ చెప్పగానే దానికి ఆసక్తి పోయింది. ముందు రోజు పెద్ద అంకె నేర్పిన పాపం నాదే.

సాయంత్రం దేవుని కడప. అన్నమయ్య కడపరాయడని పిలిచిన వేంకటేశ్వరుడు. ఉగాదినాడు ఇక్కడికి ముస్లింలు కొబ్బరికాయ, బెల్లంతో వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి అల్లుడు. అల్లుడింటికి పండగనాడు పోకపోతే ఎట్లా? అక్కడినుంచి పెద్ద దర్గాకు పోయినాం. గుడిలో కుంకుమ పెట్టుకున్న నుదుటితోనే మా అమ్మ దర్గాలో తలకు కొంగు కప్పుకుని చక్కెర తినింది. ఈ ఊళ్లో దాన్ని ఎవరూ తిరిగి చూడరు.

రాత్రి కారం దోశ. పెనం ముందు నిలబడి చూసినా. పిండి పరిచి, కాస్త ఆరగానే ఎండుమిరప, ఎర్రగడ్డ, తెల్లగడ్డ నూరిన ఎర్రకారం గరిటె వెనకతో అంచుదాకా పూస్తాడు. దాని మీద పప్పులపొడి, దాని మీద వెన్న. మడవడు, మధ్యకు ఒక్కసారి మూసి పళ్లెంలోకి జారుస్తాడు. పక్కన శనగపిండి చట్నీ. మూడో తుంచు దగ్గర చెవులు మోగినాయి. మా ఆవిడ రెండోది కూడా చెప్పింది. ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె లెండి.

నాలుగో రోజు: సిద్ధవటం, మాధవరం, ఒంటిమిట్ట

సిద్ధవటం కోట గోడను పెన్న ఒరుసుకుంటా పారుతుంది. మట్లి రాజుల కోట. కడపకు మారకముందు కొంతకాలం కలెక్టరు కచేరీ ఇక్కడే ఉండేది. ఇప్పుడు చూస్తే మండలం ఊరు, మేకలు, బురుజుల మీద మొలిచిన రావిచెట్లు. ఏటి పక్క ద్వారం నుంచి దిగితే వెడల్పాటి ఇసుక, నడుమ రెండు పాయలుగా నీళ్లు. వానలు పడి ఉన్నందుకు మోకాటి లోతు ఉన్నాయి, చల్లగా కదులుతున్నాయి.

పాప డిక్కీలోనుంచి బకెట్టు తీసుకుంది. పార లేదు కాబట్టి చేతులతోనే. గంటసేపు గూళ్లు కట్టింది. మా అమ్మ పక్కన కూర్చుని, తన చిన్నప్పుడు ఎండాకాలంలో చెలమ తవ్వి నీళ్లు తోడుకున్నట్టు చెలమ తవ్వి చూపించింది. మోచేతి లోతుకు ఊట వచ్చింది. ముందు బురదగా, నాలుగు దోసిళ్లు తోడి పారబోసినాక తేటగా. ఇసుక మీద చూసినా, అలలే. గండికోట బండ మీద ఉన్న కొలతే. పాప కూడా చూసింది. ఏమీ అనలేదు. అరచెయ్యి వాటి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

ఇక్కడికి దగ్గర్లోనే లంకమల అడవి. ఎర్రచందనం అడవనే లోకానికి తెలుసు గాని, దాని అసలు గొప్ప కలివికోడి. కలివిపొదల్లో రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న పరుగుపిట్ట. జెర్డన్ అనే డాక్టరు 1848లో మొదట దాని సంగతి రాసినాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, జాతే పోయిందనుకున్నారు. 1986లో ఈ పక్క పల్లెల వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. దాని కోసమే ఇక్కడ అభయారణ్యం పెట్టినారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చినారు. మేం చూడలేదు, చూస్తామని పోనూ లేదు. పిట్ట కోసం కాలువ వంగడం మాత్రం మా అమ్మకు తెగ నచ్చింది. "మనుషుల కోసం వంగకపోయినా" అని కూడా అనింది. కొండాపురం బంకాయన గుర్తొచ్చి ఉంటాడు.

మా ఆవిడకు పెడన పోయిన లోటు మాధవరంలో తీరింది. దారిపక్క నేతగాళ్ల ఊరు. మగ్గం చప్పుడు వినబడిన మొదటి ఇంటి ముందు నిలబడి, "అన్నా, చూడొచ్చునా?" అని అడిగింది. గుంతమగ్గంలో కాళ్లు, చేతిలో తాడు, నాడె ఇటు నుంచి అటుకు. ఆయన చూపు గుడ్డ మీద లేదు, పడుగు పోగుల మీద. ఒక పోగు తెగింది. మగ్గం ఆపి, ఎడమచేతి రెండు వేళ్లతో పురి పెట్టి, ఉమ్ము తడి అంటించి అతికినాడు. మేం అతుకు వెతికినా దొరకలేదు. చీరకు ఎన్ని రోజులంటే, "పని ఎన్ని రోజులైనా ఉంటాది, బేరమే ఒక్క నిమిషం" అన్నాడు. ఆ మాటకు మా ఆవిడ బేరం ఆడలేకపోయింది. ఆవకాయరంగు చీర, జరీ అంచు. ధర నేను ఇక్కడ రాయను.

ఒంటిమిట్ట చేరేసరికి పొద్దు వాలింది. ఒకే రాతిలో సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేని కోదండరాముడు. గండికోటలో కలిసిన తవెర్నియే ఈ గుడినీ చూసి, ఈ గోపురాన్ని తెగ మెచ్చుకున్నాడు. మండపం స్తంభాలు సాయంత్రపు ఎండకు తేనెరంగు తిరిగినాయి. పాడుబడిన ఈ గుడికి వావిలికొలను సుబ్బారావు టెంకాయచిప్ప పట్టుకుని బిచ్చమెత్తి పూర్వపు కళ తెచ్చినాడు. ఆ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ హుండీలో వేసిన నోటు నేను చూడనట్టు నటించినా. ఇక్కడ రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో. పగలు జరిగితే తాను చూడలేనని చంద్రుడు మొరపెట్టుకున్నందుకు అని అర్చకులు చెప్పినారు.

ఒంటిమిట్ట నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. దారిపొడవునా పాప నిద్ర. బకెట్టు ఒళ్లోనే, అందులో సిద్ధవటం ఇసుక దోసెడు.

మరుసటి వారం ఫ్యాక్టరీకి పోయినప్పుడు, పాలిష్ చెయ్యని నాపరాయి కావాలని పాప అడిగింది. నున్నగా చేస్తే సముద్రం పోతుందట. అంచు విరిగి పక్కన పడేసిన రెండడుగుల బండ ఒకటి ఆటోలో వేయించుకొచ్చినా. దాని మీద అలలేం లేవు. పాప నాలుగు పక్కలా తిప్పి చూసుకుని, బకెట్లో ఇసుక కాస్త చల్లి, గుమ్మం పక్కన పెట్టుకుంది. రెండు రోజులకు మా అమ్మ ఆ ఇసుక ఊడ్చేసి, దాని మీద వడియాలు పెట్టింది.